పవర్ బీఐ మొదలుపెట్టాక వచ్చే చిక్కులు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి ప్రశ్నలన్నీ అంకెల పట్టికల నుంచి రిపోర్టులు, గ్రాఫులు తయారుచేసే మైక్రోసాఫ్ట్ పవర్ బీఐ గురించే. గ్రాఫు ఎలా గియ్యాలని అడిగినవాళ్ళు లేరు. లెక్క ఎందుకు తప్పుతోంది, నిన్నటి అంకెలే ఎందుకు కనిపిస్తున్నాయి అని అడిగినవాళ్ళే అందరూ. మంచిదే, అసలు పని అక్కడే ఉంది. వెతుక్కోవడానికి వీలుగా మెనూల పేర్లను తెరమీద ఉన్నట్టే, పలికే తీరులో రాశాం.

ప్రశ్న: మాది ఎరువుల పంపిణీ సంస్థ. నెలనెలా ఎక్సెల్‌లో డీలర్లవారీ అమ్మకాల రిపోర్టు చేసి మెయిల్ చేస్తాను. వచ్చే నెల నుంచి పవర్ బీఐలో చెయ్యమని మా సారు అన్నారు. జీమెయిల్‌తో ఖాతా తెరవబోతే ఒప్పుకోవడం లేదు. డబ్బు కట్టాలా? ఎక్కడ మొదలుపెట్టాలి?
— అకౌంట్స్ ఉద్యోగిని, విజయవాడ

జవాబు: జీమెయిల్, యాహూ లాంటి సొంత ఖాతాలను పవర్ బీఐ తీసుకోదు. ఆఫీసు మెయిలు గానీ కాలేజీ మెయిలు గానీ ఉండాలి. మీ సంస్థలో మైక్రోసాఫ్ట్ 365 వాడుతుంటే, టీమ్స్‌లోకి వెళ్ళే ఐడీ, పాస్‌వర్డే దీనికీ సరిపోతాయి.

పేరు ఒకటే గానీ ఇందులో రెండున్నాయి. డెస్క్‌టాప్ అంటే విండోస్ కంప్యూటర్లో వేసుకునే ఉచిత ప్రోగ్రాం. రిపోర్టు తయారయ్యేది ఇందులో. సర్వీస్ అంటే బ్రౌజర్లో తెరుచుకునేది. రిపోర్టు నలుగురికీ చేరేదీ, రోజూ దానంతటది తాజా అయ్యేదీ అక్కడ. డెస్క్‌టాప్‌ను మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి వేసుకోండి. దీనికి దాదాపు ప్రతి నెలా కొత్త వెర్షన్ వస్తుంది, స్టోర్ నుంచి వేసుకుంటే అదే మారిపోతుంది. లేకపోతే పక్కసీటాయన కొత్త వెర్షన్‌లో దాచిన ఫైలు మీ పాతదాంట్లో తెరిచేటప్పుడు పేచీ పెడుతుంది.

ఇక డబ్బు. ఉచిత ఖాతాతో మీ సొంత 'మై వర్క్‌స్పేస్'లో పెట్టుకుని మీరే చూసుకోవచ్చు, ఇంకొకరికి పంచలేరు. పంచడానికి ప్రో లైసెన్సు కావాలి. దాని ధర 2025 ఏప్రిల్ నుంచి ఒక్కొక్కరికి నెలకు 14 డాలర్లు, అంతకుముందు 10 ఉండేది. చాలామంది పొరపడేది ఇక్కడే: తయారుచేసే మీకే కాదు, చూసే మీ సారుకీ ప్రో ఉండాలి. ఐదుగురు చూస్తారంటే మీతో కలిపి ఆరు లైసెన్సులు. కొనేముందు మీ ఐటీవాళ్ళను ఒక మాట అడగండి. మైక్రోసాఫ్ట్ 365 ఈ5 ప్లాన్‌లో ప్రో కలిసే వస్తుంది.

ఖాతా వచ్చాక మీ నెలవారీ ఎక్సెల్‌ను ఉన్నదున్నట్టు దించకండి. అది కంటికి చూడటానికి చేసినది: పైన రెండు వరసలు కలిపేసిన శీర్షిక, కిందికి డీలర్ల పేర్లు, అడ్డంగా ఏప్రిల్, మే, జూన్, మధ్యమధ్య మండలం మొత్తాలు. పవర్ బీఐకి ఇవేవీ పనికిరావు. ఒక వరసలో ఒక డీలరు, ఒక నెల, ఒక అంకె ఉంటే చాలు. ఆ రూపంలోకి తెచ్చే పని చేత్తో చెయ్యక్కర్లేదు.

'గెట్ డేటా'లో 'ఎక్సెల్ వర్క్‌బుక్' ఎంచుకుని షీటుకు టిక్కు పెట్టండి. కింద 'లోడ్' నొక్కాలనిపిస్తుంది, నొక్కకండి. 'ట్రాన్స్‌ఫార్మ్ డేటా' నొక్కితే పవర్ క్వెరీ, అంటే డేటాను శుభ్రం చేసుకునే కిటికీ, తెరుచుకుంటుంది. అక్కడ 'రిమూవ్ టాప్ రోస్'తో శీర్షిక వరసలు తీసెయ్యండి. 'యూజ్ ఫస్ట్ రో యాజ్ హెడర్స్' నొక్కండి. డీలర్ కాలమ్ ఫిల్టర్‌లో ఖాళీలనూ, మొత్తం వరసలనూ వదిలించుకోండి. కుడి చివర అడ్డం మొత్తాల కాలమ్ ఉంటే అదీ తీసెయ్యాలి. తర్వాత డీలర్ కాలమ్ మీద రైట్ క్లిక్ చేసి 'అన్‌పివట్ అదర్ కాలమ్స్' ఎంచుకోండి. నెలలన్నీ కిందికి దిగిపోతాయి. 40 మంది డీలర్లు, 12 నెలలు అయితే 480 వరసలొస్తాయి. కొత్తగా వచ్చిన రెండు కాలమ్స్‌కు 'నెల', 'బస్తాలు' అని పేర్లు పెట్టుకోండి.

ఇందులో 'అదర్' అన్నమాట ముఖ్యం. వచ్చే నెల ఎక్సెల్‌లో ఇంకో కాలమ్ చేరితే అదీ దానంతట కలిసిపోతుంది. 'ఓన్లీ సెలెక్టెడ్' అన్నది వాడితే కొత్త నెల ఎప్పటికీ అందులోకి రాదు. కాలమ్ పేరులో సంవత్సరం కూడా ఉండాలి. ఒట్టి 'ఏప్రిల్' అని ఉంటే వచ్చే ఏడాది ఏప్రిల్ వచ్చి ఇందులోనే పడుతుంది.

ఇంత చేశాక మీ మొత్తం సరిగ్గా రెండింతలు వస్తే కంగారుపడకండి. ఎక్కడో ఒక మొత్తం వరసో కాలమో మిగిలిపోయింది, అంతే.

ప్రశ్న: బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి తీసిన సీఎస్‌వీలో (కామాలతో విడదీసిన సాదా ఫైలు) 3 ఏప్రిల్ నాటి బిల్లులు పవర్ బీఐలో మార్చి 4న కనిపిస్తున్నాయి. 12వ తేదీ తర్వాతివన్నీ ఎర్రర్. తమాషా ఏమిటంటే నా కంప్యూటర్లో బాగానే ఉంది, ఆన్‌లైన్‌లో పెట్టాకే ఇలా అవుతోంది.
— మందుల హోల్‌సేల్ వ్యాపారి, గుంటూరు

జవాబు: మనం రోజు ముందు రాస్తాం, అమెరికావాళ్ళు నెల ముందు రాస్తారు. 03/04/2025 అన్నది మనకు ఏప్రిల్ 3, వాళ్ళకు మార్చి 4. 13వ నెల లేదు కాబట్టి ఆ పైవి ఎర్రర్ అవుతున్నాయి. ఎర్రర్లు కనీసం కంటికి కనిపిస్తాయి. నిశ్శబ్దంగా తారుమారైన 1 నుంచి 12 తేదీల బిల్లులే అసలు ప్రమాదం. మీ కంప్యూటర్ ప్రాంతం ఇండియా అని పెట్టి ఉంది గనక అక్కడ సరిగ్గా చదివింది. సర్వర్ మీ కంప్యూటర్ సెట్టింగును చూడదు.

పవర్ క్వెరీలో తేదీ కాలమ్ మీద రైట్ క్లిక్, 'ఛేంజ్ టైప్', అన్నిటికంటే కింద 'యూజింగ్ లొకేల్'. రకం 'డేట్', లొకేల్ 'ఇంగ్లీష్, ఇండియా'. ఉన్న స్టెప్పును మార్చాలా, కొత్తది చేర్చాలా అని అడిగితే మార్చమనే చెప్పండి. చేర్చమంటే, ముందే తప్పుగా మారిన తేదీ మీద రెండో మార్పు జరుగుతుంది, ఫలితం ఉండదు.

ఇంకో ఉచ్చు ఉంది. ఆ సీఎస్‌వీని మధ్యలో ఎవరైనా ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేస్తున్నారా? ఆ కంప్యూటర్ అమెరికా సెట్టింగులో ఉంటే 12 లోపు తేదీలు అప్పుడే మారిపోయి, మిగతావి ఒట్టి అక్షరాలుగా మిగులుతాయి. సెల్‌లో కుడివైపుకి ఒదిగినవి తేదీలు, ఎడమవైపువి అక్షరాలు. ఒకే కాలమ్‌లో రెండు రకాలూ ఉంటే ఫైలు చెడిపోయినట్టే. పవర్ బీఐలో దానికి మందు లేదు. సాఫ్ట్‌వేర్ నుంచి మళ్ళీ తీసి, ఎక్సెల్ తగలకుండా సూటిగా 'టెక్స్ట్ సీఎస్‌వీ' దారిలో తెచ్చుకోండి.

మందుల వ్యాపారం అన్నారు కాబట్టి ఒక మాట: బ్యాచ్ నంబర్లు, హెచ్‌ఎస్‌ఎన్ కోడ్లు, ఫోన్ నంబర్లు 'టెక్స్ట్'గా ఉండాలి. అంకెలుగా వదిలేస్తే ముందున్న సున్నాలు పోతాయి, పైగా వాటినీ కూడేసి చూపిస్తుంది.

ప్రశ్న: రిపోర్టు పబ్లిష్ చేశాను. ఎక్సెల్‌లో కొత్త వరసలు చేర్చినా ఆన్‌లైన్‌లో పాత అంకెలే ఉంటున్నాయి. ఒకసారి ఏదో గేట్‌వే అడిగింది. ఇంకోసారి కొన్నాళ్ళు బాగా నడిచి ఆగిపోయింది.
— ఎంఐఎస్ ఎగ్జిక్యూటివ్, హైదరాబాద్

జవాబు: మీ ఎక్సెల్ మీ సి డ్రైవ్‌లో ఉంది. ఇంటర్నెట్ అవతల ఉన్న సర్వీస్‌కు మీ సి డ్రైవ్ కనపడదు. దారి వెయ్యడానికి అడిగేదే గేట్‌వే. కానీ ఒట్టి ఎక్సెల్ కోసం గేట్‌వే పెట్టడం అనవసరపు బరువు. ఫైలును షేర్‌పాయింట్‌లోనో ఆఫీసు వన్‌డ్రైవ్‌లోనో పెడితే గేట్‌వే అక్కర్లేదు.

అక్కడ పెట్టిన ఫైలును కంప్యూటర్లోని ఎక్సెల్‌లో తెరిచి, 'ఫైల్', 'ఇన్ఫో', 'కాపీ పాత్' నొక్కండి. పవర్ బీఐలో 'గెట్ డేటా', 'వెబ్' తీసి ఆ చిరునామా అతికించండి. చివర ప్రశ్నార్థకం గుర్తుతో మొదలయ్యే ముక్క ఉంటే ఆ గుర్తుతో సహా చెరిపెయ్యాలి. ఇది మరిచిపోతే ఫైలు బదులు వెబ్ పేజీ వస్తుంది. లాగిన్ అడిగినప్పుడు 'ఆర్గనైజేషనల్ అకౌంట్' ఎంచుకోండి. 'అనానిమస్'లో వదిలేస్తే లోపలికి రానివ్వదు.

పబ్లిష్ చేశాక సర్వీస్‌లో మీ సెమాంటిక్ మోడల్ (రిపోర్టు వెనక ఉండే పట్టికలు, లెక్కలు) సెట్టింగ్స్ తెరవండి. 2023 చివరి దాకా దీన్నే డేటాసెట్ అనేవారు. 'డేటా సోర్స్ క్రెడెన్షియల్స్'లో మళ్ళీ సైన్ ఇన్ కావాలి. డెస్క్‌టాప్‌లో ఇచ్చిన లాగిన్ ఇక్కడికి రాదు. తర్వాత రిఫ్రెష్ షెడ్యూల్ ఆన్ చేసి, టైమ్ జోన్‌లో చెన్నై, కోల్‌కతా, ముంబై ఉన్నది ఎంచుకుని వేళలు పెట్టండి. ప్రో లైసెన్సుకు రోజుకు 8 సార్లు, అరగంట అంకెల మీదే. సరిగ్గా ఆ నిమిషానికే మొదలవుతుందన్న హామీ లేదు, ఒక్కోసారి గంట దాకా ఆలస్యమవుతుంది. 9 గంటల మీటింగుకి 8.30 పెట్టుకుని గుండె దడ తెచ్చుకోకండి, 7కే పెట్టండి.

నడిచి ఆగిపోవడానికి కారణాలు రెండు మూడే. ఆఫీసు పాస్‌వర్డు మార్చి ఉంటారు, ఇక్కడ క్రెడెన్షియల్స్ మళ్ళీ ఇవ్వాలి. లేదా ఎవరో ఎక్సెల్‌లో 'పార్టీ పేరు' అన్న హెడింగును 'పార్టీ' అని చక్కదిద్ది ఉంటారు. పవర్ క్వెరీ పేరుతోనే వెతుకుతుంది, పేరు మారితే ఆ కాలమ్ కనబడలేదని ఆగిపోతుంది. వరసగా నాలుగుసార్లు విఫలమైతే షెడ్యూల్ దానంతటదే ఆఫ్ అవుతుంది. తప్పు సరిచేశాక దాన్ని మళ్ళీ ఆన్ చెయ్యాలి. రెండు నెలలు ఎవరూ తెరిచి చూడని రిపోర్టుకూ రిఫ్రెష్ ఆగుతుంది (అలాంటి రిపోర్టు అసలు అవసరమా అన్నది వేరే ప్రశ్న).

ఒక ఫోల్డర్లోని ఫైళ్ళన్నీ కలిపి తెచ్చుకుంటుంటే ఇంకో చిక్కు. ఎవరైనా ఎక్సెల్ తెరిచి ఉంచినప్పుడు అలల గుర్తుతో మొదలయ్యే తాత్కాలిక ఫైలు ఒకటి పక్కనే పుడుతుంది. దాన్ని కూడా చదవబోయి బోర్లాపడుతుంది. ఫైలు పేరు ఆ గుర్తుతో మొదలైనవి వద్దని మొదటి స్టెప్పులోనే ఫిల్టర్ పెట్టెయ్యండి.

ఆఫీసు సర్వర్లోని ఎస్‌క్యూఎల్ డేటాబేస్‌కైతే గేట్‌వే తప్పదు. దాన్ని రాత్రి మూసేసే ల్యాప్‌టాప్‌లో కాక, ఎప్పుడూ నడిచే యంత్రంలో 'స్టాండర్డ్ మోడ్'లో వెయ్యండి. అప్పుడు పెట్టుకునే రికవరీ కీని కాగితం మీద రాసి మేనేజరు దగ్గర ఉంచండి. ఆ యంత్రం పాడైతే గేట్‌వేను ఇంకో దాంట్లోకి మార్చడానికి అదొక్కటే దారి.

ప్రశ్న: బ్రాంచిల లాభశాతాలు విడివిడిగా సరిపోతున్నాయి. కింద మొత్తం దగ్గర మాత్రం మా ఆడిటర్ లెక్కతో కలవడం లేదు. కస్టమర్ల పట్టికలో డూప్లికేట్లు తీసేసినా, డూప్లికేట్లున్నాయనే అంటోంది.
— వస్త్ర దుకాణాల సంస్థ ఉద్యోగి, వరంగల్

జవాబు: రెండూ వేరు వేరు జబ్బులు.

మొదటిది. ఒక బ్రాంచి అమ్మకం 10,00,000, లాభం 1,00,000, అంటే 10 శాతం. ఇంకోదాని అమ్మకం 1,00,000, లాభం 30,000, అంటే 30 శాతం. మీరు శాతాన్ని కాలమ్‌గా చేసి, మొత్తానికి 'యావరేజ్' పెట్టి ఉంటారు. అది 20 చూపిస్తుంది. ఆడిటర్ 11,00,000 మీద 1,30,000 లాభం అని చూస్తారు, అది 11.8 శాతం. ఆయనదే సరి. శాతాలూ, సగటులూ ఎప్పుడూ కాలమ్‌లో పెట్టవద్దు. 'న్యూ మెజర్' తీసుకుని, డివైడ్ అనే ఫంక్షన్‌లో పైన లాభం మొత్తం, కింద అమ్మకం మొత్తం ఇవ్వండి. మెజర్ ప్రతి గడిలోనూ, చివరి మొత్తంలోనూ కొత్తగా భాగహారం చేస్తుంది. భాగించే గుర్తు బదులు డివైడ్ ఎందుకంటే, అమ్మకం సున్నా ఉన్న బ్రాంచి దగ్గర పిచ్చి విలువ రాకుండా ఖాళీ వదులుతుంది.

రెండోది కొంచెం కొంటెది. పవర్ క్వెరీకి పెద్దబడి, చిన్నబడి ఇంగ్లీషు అక్షరాలు వేరు వేరు. దాన్ని లోడ్ చేసుకునే మోడల్‌కు రెండూ ఒకటే. కాబట్టి అదే పార్టీ పేరు ఒకచోట అన్నీ పెద్దక్షరాల్లో, ఇంకోచోట మామూలుగా ఉంటే 'రిమూవ్ డూప్లికేట్స్' రెండిటినీ ఉంచేస్తుంది, మోడల్ మాత్రం రెండుసార్లు వచ్చిందని గోల పెడుతుంది. పేరు చివర కనిపించని స్పేసుతోనూ ఇదే గొడవ. ముందు 'ట్రిమ్', తర్వాత 'అప్పర్‌కేస్', ఆ తర్వాతే 'రిమూవ్ డూప్లికేట్స్'. వరస మారితే ఫలితం లేదు.

ఈ బాధ పడలేకనే కొందరు రెండు పట్టికల మధ్య 'మెనీ టు మెనీ' సంబంధం పెట్టేస్తారు. అప్పటికి ఎర్రర్ పోతుంది, అసలు తప్పు మాత్రం కడుపులో ఉండిపోతుంది. కస్టమర్ల పట్టికలో ఒక్కొక్కరు ఒక్కసారే, బిల్లుల పట్టికలో ఎన్నిసార్లయినా. సంబంధం 'వన్ టు మెనీ'. అలా కుదరకపోతే పట్టిక బాగుచెయ్యాలి గానీ సంబంధం సడలించకూడదు. వీలైతే పేర్లతో కాక కస్టమర్ కోడ్‌తో కలపండి. గ్రాఫులో 'బ్లాంక్' అని ఒక పేరు కనిపిస్తే, ఆ బిల్లుల మీద ఉన్న కోడ్ మీ కస్టమర్ల పట్టికలో లేదన్నమాట. దాన్ని ఫిల్టర్‌తో దాచకండి, ఆ డబ్బు ఎవరిదో తేల్చండి.

ప్రశ్న: ఒకే రిపోర్టు 14 బ్రాంచిల మేనేజర్లకు ఇవ్వాలి. ఎవరి బ్రాంచి వాళ్ళకే కనపడాలి. రోల్ పెట్టాను, అయినా అందరికీ అన్నీ కనిపిస్తున్నాయి.
— ఫైనాన్స్ సంస్థ అనలిస్టు, విశాఖపట్నం

జవాబు: వర్క్‌స్పేస్‌లో ఆ మేనేజర్లను 'మెంబర్' గానో 'కంట్రిబ్యూటర్' గానో చేర్చి ఉంటారు. రో లెవెల్ సెక్యూరిటీ, అంటే ఎవరికి ఏ వరసలు కనపడాలో రోల్‌తో పెట్టే కట్టడి, 'వ్యూయర్'లకే వర్తిస్తుంది. అడ్మిన్, మెంబర్, కంట్రిబ్యూటర్ ముగ్గురికీ అన్ని వరసలూ కనిపిస్తాయి. వాళ్ళను వ్యూయర్లుగా మార్చండి. లేదా వర్క్‌స్పేస్‌లోంచి తీసేసి 'యాప్'గా పబ్లిష్ చేసి ఇవ్వండి, అదే శుభ్రమైన పద్ధతి.

బ్రాంచికొక రోల్ చొప్పున 14 చేసి ఉంటే అదీ తగ్గించుకోవచ్చు. బ్రాంచిల పట్టికలో మేనేజరు ఆఫీసు మెయిలు ఒక కాలమ్‌గా పెట్టండి. 'మేనేజ్ రోల్స్'లో ఒకే ఒక్క రోల్ చేసి, ఆ కాలమ్ యూజర్ ప్రిన్సిపల్ నేమ్ అనే ఫంక్షన్‌కు సమానం అని షరతు రాయండి. లోపలికి వచ్చినవారి మెయిలును అదే పట్టుకుంటుంది. మేనేజరు బదిలీ అయితే పట్టికలో ఒక మెయిలు మారిస్తే సరి. పబ్లిష్ చేశాక సర్వీస్‌లో మోడల్‌కు ఉన్న 'సెక్యూరిటీ'లో వాళ్ళను ఆ రోల్‌లోకి చేర్చడం మరవకండి. 'టెస్ట్ యాజ్ రోల్'తో ఇద్దరు ముగ్గురి పేరున తెరిచి చూశాకే లింకు పంపండి.

అడగకపోయినా చెప్పాల్సినవి రెండు. కాలమ్‌ను 'హైడ్' చెయ్యడం భద్రత కాదు, తెలిసినవాళ్ళు తీసి చూడగలరు. ఆధార్, పాన్ నంబర్లు రిపోర్టుకు అక్కర్లేకపోతే పవర్ క్వెరీలోనే తీసెయ్యండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సంగతి మీ ఫైనాన్స్ సంస్థకు వేరే చెప్పక్కర్లేదు. ఇంక డెస్క్‌టాప్ ఫైలునే మెయిల్లో పంపితే రోల్సూ లేవు, ఏమీ లేవు. డేటా అంతా అందులోనే ఉంటుంది.

ప్రశ్న: 'పబ్లిష్ టు వెబ్' అని ఒకటి కనిపించింది. దాంతో లింకు చేసి వాట్సాప్‌లో పెడితే లైసెన్సు లేకుండానే అందరికీ తెరుచుకుంటోంది. ఇదే వాడుకోవచ్చు కదా?
— సేల్స్ కోఆర్డినేటర్, తిరుపతి

జవాబు: వద్దు. ఆ లింకుకు లాగిన్ లేదు, ప్రపంచంలో ఎవరికి దొరికినా తెరుచుకుంటుంది. అది పత్రికల వెబ్‌సైట్లకూ, బహిరంగ సమాచారానికీ పెట్టిన సదుపాయం. ఇప్పటికే పంపి ఉంటే సర్వీస్‌లో సెట్టింగ్స్ గుర్తు కింద 'మేనేజ్ ఎంబెడ్ కోడ్స్'కు వెళ్ళి ఈరోజే తొలగించండి. వాట్సాప్‌లో మెసేజ్ చెరిపేస్తే లింకు చావదు. లైసెన్సులకు డబ్బు లేకపోతే పీడీఎఫ్ ఎక్స్‌పోర్ట్ చేసి పంపండి.

ప్రశ్న: మా చైర్మన్ గారికి మిలియన్లు వద్దు, లక్షల్లో కావాలి. నెలలేమో ఏప్రిల్, ఆగస్టు, డిసెంబర్ అని అక్షరక్రమంలో వస్తున్నాయి. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ నుంచి లెక్కించడం ఎలా?
— సీఏ ఆర్టికల్ విద్యార్థిని, రాజమహేంద్రవరం

జవాబు: 'డిస్‌ప్లే యూనిట్స్'లో వేలు, మిలియన్లు, బిలియన్లు, ట్రిలియన్లు ఉంటాయి, లక్షలు ఉండవు. సులువైన దారి ఏమిటంటే, అమ్మకం మెజర్‌ను 1,00,000తో భాగించి ఇంకో మెజర్ చేసి 'అమ్మకాలు, లక్షల్లో' అని పేరు పెట్టడం. డిస్‌ప్లే యూనిట్స్ 'నన్' అని పెట్టాలి, లేకపోతే మళ్ళీ తన తెలివి చూపిస్తుంది.

నెలలకూ, సంవత్సరానికీ తేదీల పట్టిక ఒకటి చేసుకోండి. 'న్యూ టేబుల్'లో క్యాలెండర్ ఆటో ఫంక్షన్ రాసి బ్రాకెట్లో 3 ఇవ్వండి. సంవత్సరం ముగిసే నెల మార్చి అని దాని అర్థం, పట్టిక ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాకా వస్తుంది. ఒక జాగ్రత్త: మీ డేటాలో ఎక్కడైనా పుట్టినతేదీ కాలమ్ ఉంటే, దాన్నీ లెక్కలోకి తీసుకుని పట్టిక 1950ల నుంచి మొదలైనా ఆశ్చర్యం లేదు. అప్పుడు క్యాలెండర్ ఫంక్షన్‌లో మొదటి, చివరి తేదీలు మీరే ఇవ్వండి. తర్వాత 'మార్క్ యాజ్ డేట్ టేబుల్' నొక్కండి. నెల పేరు కాలమ్ పక్కన ఏప్రిల్‌కు 1, మార్చికి 12 వచ్చేలా ఒక కాలమ్ చేసి, నెల పేరును ఎంచుకుని 'సార్ట్ బై కాలమ్'లో దాన్ని చూపించండి. ఏడాది మొదటి నుంచి ఇప్పటిదాకా మొత్తానికి టోటల్ వైటీడీ ఫంక్షన్ చివర సంవత్సరాంతం మార్చి 31 అని రాయాలి. రాయకపోతే జనవరి నుంచి కూడుతుంది.

'ఈరోజు' అమ్మకాలు చూపించే కార్డు కూడా పెట్టి ఉంటే ఇంకొకటి గుర్తుంచుకోండి. సర్వీస్ గడియారం మనకంటే ఐదున్నర గంటలు వెనక. తెల్లవారుజామున 5.30 దాకా దానికి ఇంకా నిన్నే. ఉదయం 5కు రిఫ్రెష్ పెట్టి పవర్ క్వెరీలో 'ఈరోజు' లెక్కిస్తే, ఆ కార్డు మీద నిన్నటి అంకె ఉంటుంది. రిఫ్రెష్‌ను 6కు జరపండి.